ఎండ కోసం ఆగిన చొక్కా

ఇప్పటికీ మా ఆయన పని నుంచి రాగానే మెట్ల మీదే చొక్కా విప్పేస్తాడు. ఎదురింటావిడ చాలా రోజులు చూసీ చూడనట్టు తలుపేసుకునేది. ఒకరోజు ఉండబట్టలేక నన్నే అడిగింది, "మీవారికి అంత ఉక్కపోత ఏంటండీ?" అని. ఉక్కపోత కాదు, పిల్లి అన్నాను. ఆవిడ మళ్ళీ ఏమీ అడగలేదు. మా ఇంట్లో అందరికీ కాస్త తిక్క అని ఆ అంతస్తులో ముందునుంచే అనుమానం ఉంది.

ఆ అలవాటు ఒక్క వానాకాలంలో వచ్చింది. అంత భయపడిన కాలం నాకు ఇంకొకటి లేదు.

మా ఆయనది మొక్కలు అద్దెకిచ్చే పని. ఆఫీసుల్లోనూ ఆసుపత్రి వరండాల్లోనూ పచ్చగా కనిపించే కుండీలు చాలావరకు ఆ ఆఫీసుల సొంతం కావు, ఇలాంటివాళ్ళవే. వారం వారం వెళ్ళి నీళ్ళు పోయాలి, ఆకులు తుడవాలి, ఏసీ గాలికి వాడిపోయినవాటిని వెనక్కి తెచ్చి వాటి చోట కొత్తవి పెట్టి రావాలి. వెనక్కి తెచ్చినవి ఊరి చివర షెడ్డులో కోలుకునేవి. ఆ ఏడాది మొదటి గాలివానకే షెడ్డు పైకప్పు ఎగిరిపోయింది. దాంతో జబ్బు మొక్కలన్నీ మా ఇంట్లో దిగాయి. సోఫా పక్కన మచ్చల ఆకుల డంబ్‌కేన్, టీవీ మీదుగా వేలాడుతూ మనీ ప్లాంట్, వంటింటి గుమ్మంలో ఈతమట్టల్లాంటి ఆకుల సైకస్. స్నానానికి వెళ్ళాలంటే అరెకా పామ్‌ని కాస్త జరగమని బతిమాలుకోవాల్సి వచ్చేది.

"అడవిలో కాపురం పెట్టించారు కదండీ," అన్నాను.

"ఎండలు వచ్చేదాకానే," అన్నాడు. ఆ మాట ఆ కాలమంతా వింటూనే ఉన్నాను.

మా పిల్లి పేరు మేస్త్రి. ఒళ్ళంతా తెలుపు, ఒక చెవి మాత్రం నలుపు. పేరు పెట్టింది మా మామయ్య. ఆయన ఉద్యోగమంతా బట్టల మిల్లులో, మగ్గాల మధ్య గడిచింది. ఆ మోతకి రెండు చెవులూ అక్కడే వదిలేసి ఇంటికి వచ్చారు. చెవి మిషను కొనిపెడితే రొద తప్ప మాట రావడం లేదని సొరుగులో పడేశారు. కానీ పెదాల కదలిక చూసి మాట పట్టేయడంలో ఆయన తర్వాతే ఎవరైనా. మిల్లులో అందరూ అలాగే మాట్లాడుకునేవాళ్ళట, గొంతు లేకుండా నోరు మాత్రం కదుపుతూ. అందుకని మా ఇంట్లో గుసగుసలు చెల్లవు. ఆయనకు తెలియకుండా ఏదైనా మాట్లాడుకోవాలంటే నేనూ మా ఆయనా గోడకేసి తిరగాలి.

నేను కళ్ళద్దాల షాపులో ఫ్రేములకు అద్దాలు బిగిస్తాను. మేమిద్దరం పనికి పోతే పగలంతా ఇంట్లో మామయ్యా మేస్త్రీనే. ఆయన చెవులు అదే. గంట మోగితే ఆయన ఒళ్ళోంచి దూకి గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి చూసేది. అప్పుడు ఆయన లేచేవారు. ఒకసారి కుళాయి కట్టేయడం మరిచిపోయి కుర్చీలో కూర్చుంటే, నీళ్ళు వంటిల్లు దాటకముందే మోకాలు గీకి గీకి ఆయన్ను లేపింది. "చూశావా అమ్మాయ్, మా మిల్లు మేస్త్రి కూడా నన్ను ఇంతలా కనిపెట్టుకోలేదు," అన్నారు. ఆ పేరే ఖాయమైంది. అది ఆడదండీ అని చెప్పినా వినిపించుకోలేదు.

మేస్త్రి ఉంది కాబట్టే మేము తలుపు దగ్గరగా వేసి ధైర్యంగా పనికి పోగలిగేవాళ్ళం. అది లేకపోతే మామయ్యను మా ఆడపడుచు ఇంటికి పంపక తప్పదు. అది చాలా దూరం, పైగా ఆమె ఇంట్లో ఆయన కాళ్ళు చాపుకునేంత చోటు కూడా లేదు. ఈ సంగతి మా ముగ్గురికీ తెలుసు, ఎవరమూ ఎత్తేవాళ్ళం కాదు.

మొక్కలు దిగిన కొద్దిరోజులకే ఒక సాయంత్రం నేను వచ్చేసరికి మేస్త్రి నోటినుంచి చొంగ కారుతోంది. ముందరి పంజాలతో మూతి రుద్దుకుంటూ గిరగిరా తిరుగుతోంది. మామయ్య దాని వెంట గిన్నెతో నీళ్ళు పట్టుకుని తిరుగుతున్నారు. డంబ్‌కేన్ ఆకు అంచు కొరికి ఉంది. బుట్టలో పెట్టి మూతేసి, వానలోనే వీధి చివర పశువుల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను.

ఆ డాక్టరమ్మ జంతువులతో ముద్దుగా, మనుషులతో కరుకుగా మాట్లాడే మనిషి. మేస్త్రిని "ఏం తల్లీ, ఆకలేసిందా?" అని పలకరించి నోరు కడిగింది. నన్ను చూసి మొహం మార్చేసింది.

"ఈ ఆకు నోరు మండిస్తుంది, వాచేలా చేస్తుంది, తగ్గిపోతుంది. అదృష్టం. ఇంట్లో ఇంకేం మొక్కలున్నాయి?"

చెప్పాను. చెబుతున్నకొద్దీ ఆవిడ కనుబొమలు పైకి పోయాయి.

"మనీ ప్లాంటూ ఇదే బాపతు. అరెకా పామ్ నమిలినా ఏం కాదు. సైకస్ మాత్రం ఇవాళే గడప దాటించండి, దాని గింజ తింటే కాలేయం పోతుంది. లిల్లీలు లేవుగా?"

"ఏ లిల్లీలండీ?"

"హోటళ్ళలో గాజు కూజాల్లో పెడతారే, అరచెయ్యంత విచ్చుకుంటాయి, అవి. వాటిని కొరకనక్కర్లేదు. పుప్పొడి ఒంటి మీద పడి, అది నాక్కుంటే చాలు. కూజాలో నీళ్ళు తాగినా చాలు. కిడ్నీలు పోతాయి. మనకేం కాదు. పిల్లికే వచ్చింది ఆ కర్మ."

ఇంటికొచ్చి ఇదంతా చెబితే మా ఆయన మొహం పాలిపోయింది. గోడకేసి తిరిగాడు. నేనూ తిరిగాను.

"ఇవాళే ఒక హోటల్ వాళ్ళకి ఒప్పుకున్నాను," అన్నాడు. "లాబీలో పూలు మార్చే పని. లిల్లీలే."

"మానేస్తానని చెప్పండి."

"షెడ్డు పోయాక దొరికింది అదొక్కటే. నా మాట విను. ఒక్క కాడ, ఒక్క రేకు ఇంటికి రాదు. పూలు మార్కెట్టు నుంచి నేరుగా హోటల్‌కి, హోటల్ నుంచి నేరుగా చెత్తబండికి. సరేనా?"

సరే అన్నాను. ఆ మాట ఆయన నిలబెట్టుకున్నాడు కూడా. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరించేది అక్కడే.

ఆ రాత్రే ఇల్లు సర్దాం. సైకస్ మెట్ల కిందికి పోయింది. డంబ్‌కేన్, మనీ ప్లాంట్, పేరు తెలియని ప్రతి ఆకూ బాల్కనీలోకి పోయాయి. బాల్కనీ గాజు తలుపు మూసి గడియ బిగించాం. అరెకా పామ్ ఒక్కటే మాతో మిగిలింది. అయినా నాకు నిద్ర పట్టేది కాదు. షాపులో అద్దం బిగిస్తున్నా అదే ధ్యాస. ఎవరైనా గడియ తీశారేమో, గాలికి ఆకు కొట్టుకొచ్చిందేమో అని. ఇంటికి రాగానే చెప్పులు విడవకుండానే నేలంతా వెతికేదాన్ని, సోఫా కింద టార్చి వేసి చూసేదాన్ని.

"ఆకులన్నీ హాజరేనా అమ్మాయ్?" అని మామయ్య ఆటపట్టించేవారు. నవ్వేవారే గాని, మేస్త్రి వీపు మీదనుంచి చెయ్యి తీసేవారు కాదు.

హోటల్ వాళ్ళు మా ఆయనకు పాలలాంటి తెల్లచొక్కాలు ఇచ్చారు. లాబీలో తిరిగేవాళ్ళు మాసినట్టు కనబడకూడదట. లిల్లీ పనిలో పెద్ద తలనొప్పి పుప్పొడే. మొగ్గ విచ్చుకోగానే లోపలి కేసరాల కొనలు వేళ్ళతో గిల్లి తీసేయాలి. ఆలస్యమైతే అవి పగిలి నారింజ రంగు పొడి రాలుతుంది, పక్కనుంచి పోయేవాళ్ళ బట్టలకు అంటుకుంటుంది. గిల్లేవాడికైతే ఎంత జాగ్రత్తపడినా అంటుకోక మానదు. మొదటి రోజు ఆయన చొక్కా ముంజేతుల దగ్గరా పొట్ట దగ్గరా చారలు చారలుగా ఉంటే, నేను బకెట్లో ముంచబోయాను.

"తడపకు, తడపకు," అంటూ చేతిలోంచి లాక్కున్నాడు. "నీళ్ళు తగిలితే ఆ రంగు ఇక జన్మలో పోదు. ఎండలో వేస్తే దానంతటదే వెలిసిపోతుంది. తర్వాత పొడి బ్రష్షుతో దులుపుకోవాలి. పూలపని చేసేవాళ్ళెవర్నైనా అడుగు."

నిజమే, ఆ పనిలో ఉన్నవాళ్ళందరూ అంతే చేస్తారు. ఇంకే ఇంట్లోనైనా ఆ చొక్కా ఆ సాయంత్రమే సబ్బునీళ్ళలో పడేది. మాకు పని తెలుసు కాబట్టి పడలేదు.

ఎండ మాత్రం రాలేదు. బాల్కనీ విషపు మొక్కలకిచ్చి మూసేశాం కదా, అందుకని ముందుగదిలో కిటికీ పక్కన ఒక తాడు కట్టాడు. ఒక చొక్కా ఒంటి మీద, ఒక చొక్కా తాడు మీద. ఏ పూట కాస్త తెరిపిచ్చినా కిటికీ తెరిచి అక్కడే బ్రష్షుతో దులిపేవాడు. ఆ తాడు కిందే మామయ్య కుర్చీ. కుర్చీలో ఆయన దుప్పటి. దుప్పటిలో మేస్త్రి. ముగ్గురం రోజూ చూస్తూనే ఉన్నాం. నేను సోఫా కింద ఆకుల కోసం టార్చి వేసి వెతికి లేచినప్పుడల్లా ఆ చొక్కా నా తలకు తగులుతూనే ఉండేది.

షాపుకు సెలవైన ఒక ఉదయం. వాన ఆగి గాలి తిరిగింది. నేను వంటింట్లో ఉన్నాను. మామయ్య కుర్చీలోంచి, "మేస్త్రికి ఇవాళ సోకు ఎక్కువైంది అమ్మాయ్. తెల్లారినప్పటి నుంచి ఒకటే ఒళ్ళు నాక్కోవడం," అన్నారు మురిపెంగా.

అప్పుడే గంట మోగింది. మేస్త్రి గుమ్మం దగ్గర కనబడుతుందని నేను చెయ్యి తుడుచుకుంటూ చూశాను. రాలేదు. మళ్ళీ మోగింది. నేనే వెళ్ళి తలుపు తీశాను. నీళ్ళ క్యాన్ అతను. క్యాను దించుకుని తలుపేసి తిరిగేసరికి మామయ్య నన్నూ తలుపునూ మార్చి మార్చి చూస్తున్నారు.

"ఎవరైనా వచ్చారా? గంట మోగిందా?"

"మోగింది మామయ్యా."

"ఇది లేవలేదే," అన్నారు ఒళ్ళోకి చూసుకుంటూ.

మేస్త్రి చెవులు మాత్రం గుమ్మంవైపు తిరిగి ఉన్నాయి. ఒళ్ళు కదలడం లేదు. కుర్చీ కాలి దగ్గర నురగగా కక్కి ఉంది. మెడ కింద తెల్లటి బొచ్చులో తుప్పు మరకలాంటిది కనిపించింది. కిటికీ ఊచల తుప్పేమో అనుకుని వేలితో రాశాను. వేలు నారింజ రంగైంది. తలెత్తాను. గాలికి చొక్కా చేతులు ఊగుతున్నాయి.

ఆ పైన ఏం చేశానో నాకు సరిగా గుర్తులేదు. బుట్ట తీసుకున్నాను, మా ఆయనకు ఫోన్ చేశాను, మామయ్య గొడుగు పట్టుకుని నా వెనకే వచ్చారు. ఆయన అంత వేగంగా నడవగలరని నాకు అప్పటిదాకా తెలియదు.

డాక్టరమ్మ ముందు మేస్త్రి ఒళ్ళంతా కడిగింది. ముందరి కాలి మీద బొచ్చు గొరిగి సూది గుచ్చి సెలైన్ పెట్టింది. నోటికి గుడ్డ మాస్కు కట్టుకుని ఉంది. మామయ్య ఆవిడ మొహం వైపే చూస్తున్నారు, ఆ గుడ్డ వెనక మాట ఆయనకు అందడం లేదు.

"ఎప్పటినుంచి నాక్కుంటోంది?"

నేను మామయ్య వైపు తిరిగి అదే అడిగాను. తెల్లారినప్పటి నుంచి అన్నారు.

"అయితే మరీ ఆలస్యం కాలేదు," అంది. "కొన్నాళ్ళు రోజూ సెలైన్ ఎక్కించాలి. పగలు ఇక్కడ ఉంచండి, చీకటి పడ్డాక ఇక్కడ ఎవరూ ఉండరు, ఇంటికి తీసుకుపోండి. ఒక్కటే కనిపెట్టుకుని ఉండాలి. మూత్రం. పోస్తున్నంతకాలం కిడ్నీలు పనిచేస్తున్నట్టు. ఆగిపోయిందా, ఇక నా చేతుల్లో లేదు."

"ఏమంటోంది?" అని మామయ్య నా మొహంలోకి వంగారు.

"తగ్గిపోతుందంటోంది," అన్నాను.

"అబద్ధం చెప్పేటప్పుడు నీ పెదాలు బిగుసుకుపోతాయి అమ్మాయ్. ఉన్నది చెప్పు."

ఉన్నది చెప్పాను. ఆయన బల్ల మీద కూర్చుండిపోయారు.

అప్పుడు మా ఆయన వచ్చాడు. హోటల్ నుంచి నేరుగా, ఆ తెల్లచొక్కాతోనే. గుమ్మంలో అడుగు పెట్టబోతుంటే డాక్టరమ్మ సూది పట్టుకున్న చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ చొక్కాతో లోపలికి రాకండి."

ఆయన తలవంచి తన పొట్ట వైపు చూసుకున్నాడు. తర్వాత మెట్ల మీదే, తుంపరలో, చొక్కా విప్పి చెత్తడబ్బాలో పడేసి బనియన్‌తో నిలబడ్డాడు. "ఒక్క రేకు కూడా తేలేదు," అన్నాడు నాతో. మెల్లగా అన్నాడు. అది నిజమే.

లోపలికొచ్చి తండ్రి ఎదురుగా నిలబడి, గొంతు లేకుండా పెదాలతో, "నా వల్లే నాన్నా," అన్నాడు.

"నా ఒళ్ళోనే కదరా నాక్కుంది," అన్నారు మామయ్య. "ఎంత శుభ్రమో అని పక్కనే కూర్చుని మెచ్చుకున్నాను."

ఆ మధ్యాహ్నం ఇల్లంతా కడిగాం. దుప్పటి పారేశాం, తాడు తెంపేశాం, కుర్చీ మెత్త కూడా తీసి బయట పెట్టాం. మా ఆయన ఫోన్లో హోటల్ వాళ్ళకి ఇక రానని చెప్పేశాడు. మిగిలిన చొక్కా గోనెసంచిలో కట్టి పంపేశాడు. భయం మాత్రం ఎంత కడిగినా పోలేదు.

మొదట్లో బాగానే ఉంది. డాక్టరమ్మ దగ్గర పోసింది, ఇంట్లో పోసింది. ముగ్గురు పెద్దవాళ్ళం ఒక పిల్లి పాస్ పోస్తే పండగలా మొహాలు వెలిగించుకున్నాం. తర్వాత ఒక రోజు పొద్దున్నే అది పాస్ పోసే ఇసుక తొట్టి పొడిగా ఉంది. పగలంతా సెలైన్ ఎక్కినా చుక్క రాలేదు. సాయంత్రం బుట్ట చేతికిస్తూ డాక్టరమ్మ మాస్కు తీసి, మామయ్యకు కనబడేలా, నెమ్మదిగా చెప్పింది. "ఇవాళ ఒక్క పూట చూద్దాం. పొద్దున తీసుకురండి." ఆవిడ కరుకుగా మాట్లాడితే బాగుండునని అనిపించింది నాకు.

ఇసుక తొట్టి ముందుగది మధ్యలో పెట్టాం. మేస్త్రి దాని పక్కన గుడ్డ మీద పడుకుంది. దువ్వితే తోక కొన మాత్రం కదిలింది. బయట మళ్ళీ వాన పట్టుకుంది. నేనూ మా ఆయనా గోడకేసి తిరిగాం.

"అక్కకి ఫోన్ చేస్తావా, నన్ను చెయ్యమంటావా?" అన్నాడు. ఆ 'అక్క' మా ఆడపడుచు. నాకు ఏడుపొచ్చింది.

"గోడకి చెప్పేదేదో నాకు చెప్పండి," అన్నారు వెనకనుంచి మామయ్య.

ఇద్దరం తిరిగాం.

"వెళ్తాలే. ఇప్పుడేం తొందర?" అన్నారు. "అది ఇంకా ఇక్కడే ఉందిగా." కుర్చీ దిగి, నేల మీద దాని పక్కన చతికిలబడ్డారు. మేమూ చెరోవైపు కూర్చున్నాం. ఎవరమూ దాన్ని నేరుగా చూడటం లేదు. చూస్తే సిగ్గుపడి పోయదేమో అన్నట్టు అందరం అరెకా పామ్ వంక చూస్తున్నాం.

కరెంటు పోయింది.

ఒక్కసారిగా కారుచీకటి. ఫోన్లు, టార్చి, కొవ్వొత్తి అన్నీ లోపలి గదిలోనే, కానీ లేవాలంటే మేస్త్రిని తొక్కుతానేమో అని భయమేసింది. కదలకుండా కూర్చున్నాను. వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కాసేపటికి గుడ్డ మీద చిన్న కదలిక. ఆగింది. మళ్ళీ కదలిక. తర్వాత ఇసుక గీకుతున్న చప్పుడు. గీకడం ఆగిపోయింది. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ గీకడం మొదలైంది, ఈసారి కప్పెడుతున్నట్టు, నింపాదిగా.

మా ఆయన చెయ్యి చీకట్లో నా చేతిని వెతికి పట్టుకుంది. ఆయన వెక్కుతున్నాడు, ఆ కుదుపు పక్కనున్న మామయ్యకూ తగిలినట్టుంది.

"ఏమైంది?" అన్నారు మామయ్య. "ఏమైందిరా? పోయిందా?"

"లేదు మామయ్యా," అన్నాను. ఆయనకు వినబడదు. చీకట్లో నా పెదాలూ కనబడవు. "లేదు నాన్నా, లేదు," అని మా ఆయనా అంటున్నాడు. ఇద్దరం ఎంత అన్నా ఒక్క మాట కూడా ఆయన దాకా పోవడం లేదు. "చెప్పండర్రా," అంటున్నారు ఆయన.

నేను తడుముకుంటూ ఆయన చెయ్యి పట్టుకున్నాను. తొట్టి దాకా లాగి, ఇసుకలో ఆయన వేళ్ళు గుచ్చాను.

వేళ్ళు ఇసుకలో మెల్లగా కదిలాయి.

"తడి," అన్నారు. "వెచ్చగా ఉంది."

చెయ్యి తీయలేదు. అలాగే ఉంచుకుని చీకట్లో ఏడుస్తున్నారు. మేస్త్రి వచ్చి ఆయన మోకాలు గీకడం నాకు వినబడింది.

"చెయ్యి కడుక్కోండి మామయ్యా," అన్నాను. చీకట్లో ఆయనకు ఆ మాట కనబడలేదు.